జాక్ బ్రిటన్‌ను ఎందుకు పిలవలేదు?

(ఆ సాయంత్రం రాలేకపోయినవారు చదువుకోవడానికి వీలుగా, రికార్డింగ్ విని టైప్ చేసిన ప్రసంగ పాఠం.)

అందరికీ నమస్కారం. ఇంత చలిలో పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చారు, చాలా సంతోషం. నన్ను బేస్‌బాల్ గురించి మాట్లాడమన్నారు. అది చాలా పెద్ద విషయం, గంటలో తేలేది కాదు. అందుకని ఒక్క ఆట తీసుకుంటాను. ఆ ఆటలో కూడా ఒకే ఒక్క విషయం. 2016 అక్టోబర్ 4, టొరంటోలోని రోజర్స్ సెంటర్. మన బాల్టిమోర్ ఓరియోల్స్‌కీ టొరంటో బ్లూ జేస్‌కీ వైల్డ్ కార్డ్ ఆట, అంటే సీజన్ అయ్యాక జరిగే ప్లేఆఫ్స్ అనే నాకౌట్ పోటీల్లో మొదటి ఆట. పదకొండు ఇన్నింగ్స్ దాకా వెళ్ళి 5-2తో ఓడిపోయాం. ఆ ఏడాది అమెరికన్ లీగ్ మొత్తంలో అంత గొప్పగా వేసిన రిలీఫ్ పిచర్, అంటే ఆట మధ్యలో వచ్చి బంతి వేసేవాడు, ఇంకొకడు లేడు, అలాంటివాడు మన జట్టులో ఉన్నాడు. పేరు జాక్ బ్రిటన్. ఆ రాత్రి అతను ఒక్క బంతి వేయలేదు. ఒక్కటంటే ఒక్కటి వేయలేదు.

ముందే చెప్పేస్తాను, నేను ఓరియోల్స్ అభిమానిని. మేరీల్యాండ్‌లో ఉంటూ ఇంకే జట్టుకు అభిమానినవుతాను? కాబట్టి బాధ ఉంది, కోపం కూడా ఉంది. కానీ కోపంతో మాట్లాడడానికి రాలేదు. ఒక మేనేజర్ నిర్ణయాన్ని ప్రశ్నించాలంటే ఎలా ప్రశ్నించాలి, ఏది న్యాయమైన ప్రశ్న, ఏది కాదు, అది చూద్దాం. ఓడిపోయాక తిట్టడం ఎవరైనా చేస్తారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం తేలికే. మంట ఎటు వస్తోందో ఆ క్షణంలోనే కనబడిందా లేదా, అదండీ అడగాల్సింది.

క్రికెట్ చూసి పెరిగినవాళ్ళం కదా, రెండు ముక్కలు చెప్పి ముందుకు వెళ్తాను. పిల్లలు కాస్త ఓపిక పట్టాలి, మీకివన్నీ తెలిసినవే. ఒక ఇన్నింగ్స్ అంటే రెండు జట్లూ చెరోసారి బ్యాటింగ్, ఒక్కో జట్టుకు మూడు ఔట్లు అయ్యేదాకా. మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్, అప్పటికీ సమంగా ఉంటే ఆట ఇంకా సాగుతుంది. మూడు బేస్‌లూ దాటి ఇంటికి, అంటే హోమ్‌కి, చేరితే ఒక రన్. ఒక దెబ్బకి ఒకటో బేస్ చేరితే సింగిల్, రెండోది చేరితే డబుల్. బంతి స్టాండ్స్‌లో పడితే హోమ్ రన్, కొట్టినవాడూ బేస్‌ల మీదున్నవాళ్ళూ అందరూ ఇంటికే. మూడు స్ట్రైక్‌లు పడితే స్ట్రైక్ ఔట్. బంతి వేసేవాడు పిచర్. ఆట మొదలుపెట్టే పిచర్‌ను స్టార్టర్ అంటారు. అతను అలిసిపోయాక వచ్చేవాళ్ళు రిలీవర్లు. వాళ్ళు కూర్చునే చోటు, చేయి వెచ్చబెట్టుకునే చోటు బుల్‌పెన్. వాళ్ళలో ఆఖరి ఇన్నింగ్స్ వేసి ఆట ముగించేవాడు క్లోజర్. ఇప్పుడు ముఖ్యమైన నియమం వినండి. ఒక పిచర్‌ను ఆట నుంచి తీసేస్తే మళ్ళీ ఆ ఆటలోకి రాడు. క్రికెట్‌లో బుమ్రాకి రెండు ఓవర్లిచ్చి, ఆపి, పద్దెనిమిదో ఓవర్‌కి మళ్ళీ బంతి ఇవ్వొచ్చు. ఇక్కడ కుదరదు. వాడితే అయిపోయినట్టే. అందుకే ఎవరిని ఎప్పుడు పిలవాలన్నది మేనేజర్ పనిలో అన్నిటికంటే కష్టమైన పని.

ఇంకో మాట. అప్పట్లో వైల్డ్ కార్డ్ అంటే ఒక్క ఆటే. 2012 నుంచి అలాగే ఉండేది. ఇప్పుడు మూడు ఆటల సిరీస్ చేశారు గానీ, ఆ రోజు మాత్రం ఓడితే ఇంటికే. 162 ఆటలు ఆడి, రెండు జట్లూ చెరో 89 గెలిచి, ఆ ఒక్క రాత్రి మీద నిలబడ్డాయి. రేపు లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

సరే, ఆట. రెండో ఇన్నింగ్స్‌లో హోసే బతిస్తా హోమ్ రన్ కొట్టాడు, టొరంటోకి 1-0. నాలుగో ఇన్నింగ్స్‌లో మన మార్క్ ట్రంబో రెండు రన్నుల హోమ్ రన్ కొట్టాడు, 2-1 మనం ముందు. ఐదో ఇన్నింగ్స్‌లో మన స్టార్టర్ క్రిస్ టిల్మన్ తడబడ్డాడు. ఎజెకియెల్ కరేరా సింగిల్‌తో 2-2 అయింది. అక్కడ మన మేనేజర్ షోవాల్టర్ మైకల్ గివెన్స్‌ను పిలిచాడు. గివెన్స్ డబుల్ ప్లేతో ఆ గండం గట్టెక్కించాడు. అంటే ఒకే బంతికి ఇద్దరు ఔట్. చాలా మంచి నిర్ణయం, సరైన సమయంలో. అది కూడా చెప్పాలి కదా.

ఆ తర్వాత ఇంక రన్నుల్లేవు. ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది. మనవాళ్ళూ కొట్టలేదు, వాళ్ళూ కొట్టలేదు. ఒక్కో ఇన్నింగ్స్‌కీ టెన్షన్ పెరుగుతోంది. గివెన్స్ అయ్యాక డానీ హార్ట్, తర్వాత బ్రాడ్ బ్రాక్, తర్వాత డారెన్ ఓడే. టీవీ కెమెరా మాటిమాటికీ బుల్‌పెన్ వైపు తిరుగుతోంది. అక్కడ బ్రిటన్ లేచి చేయి వెచ్చబెట్టుకుంటున్నాడు. మళ్ళీ కూర్చుంటున్నాడు.

పదకొండో ఇన్నింగ్స్ రెండో సగం. బ్రయన్ డ్యూన్సింగ్ వచ్చి కరేరాను స్ట్రైక్ ఔట్ చేశాడు. ఒక ఔట్. డ్యూన్సింగ్‌ను తీసేసి ఉబాల్డో హిమెనెజ్‌ను పిలిచారు. డెవన్ ట్రావిస్ సింగిల్. జాష్ డొనాల్డ్‌సన్ సింగిల్, ట్రావిస్ మూడో బేస్‌కి చేరాడు. ఇప్పుడు బ్యాటు పట్టుకుని ఎడ్విన్ ఎన్‌కర్నాసియోన్ వచ్చాడు. ఆ ఏడాది 42 హోమ్ రన్లు, తన దెబ్బలతో జట్టుకు 127 రన్నులు తెచ్చినవాడు. మొదటి బంతి. మొదటి బంతికే ఎడమ వైపు స్టాండ్స్‌లోకి కొట్టాడు. కొట్టీ కొట్టగానే రెండు చేతులూ పైకెత్తేశాడు. మూడు రన్నులు, 5-2, అయిపోయింది.

మొత్తం ఆరుగురు రిలీవర్లు వచ్చారు. గివెన్స్, హార్ట్, బ్రాక్, ఓడే, డ్యూన్సింగ్, హిమెనెజ్. ఏడోవాడు, అందరికంటే మొనగాడు, కంచె వెనక నిలబడి చూశాడు.

ఆ బ్రిటన్ ఎంత మొనగాడో కాస్త చెప్పాలి, చెప్పకపోతే నా బాధ మీకు అర్థం కాదు. 2016లో 47 సార్లు ఆట ముగించమని అతనికి బంతి ఇచ్చారు. 47 సార్లూ ముగించాడు. ఒక్కటీ పోలేదు. 67 ఇన్నింగ్స్ వేశాడు, అతని లెక్కలోకి వచ్చిన రన్నులు నాలుగు. ఏడాది మొత్తం మీద నాలుగండీ! పిచర్లను కొలిచే ఈఆర్‌ఏ అని ఒక లెక్క ఉంది, తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఎన్ని రన్నులిస్తాడని. అతనిది 0.54. మూడు ఉంటే చాలా బాగా వేస్తున్నాడంటారు. మే మొదటి నుంచి ఆగస్టు దాకా వరుసగా 43 ఆటల్లో అతని లెక్కలోకి ఒక్క రన్ రాలేదు. సీజన్ అంతా కలిపి అతని మీద కొట్టిన హోమ్ రన్ ఒకే ఒక్కటి.

మరి హిమెనెజ్? అదే ఏడాది అతని ఈఆర్‌ఏ 5.44. పది రెట్లు. నిజమే, సీజన్ చివర్లో అతను బాగా వేశాడు, షోవాల్టర్ కూడా తర్వాత ఆ మాటే అన్నాడు. కాదనను. కానీ హిమెనెజ్ స్టార్టర్. ఆట మొదట్లో తాపీగా చేయి వెచ్చబెట్టుకుని వచ్చేవాడు. వేరే ఊరి స్టేడియంలో, యాభై వేల మంది అరుస్తుంటే, పదకొండో ఇన్నింగ్స్ మధ్యలో దిగడం అతని రోజువారీ పని కాదు. బ్రిటన్‌కి అదే పని.

ఇక బ్రిటన్ వేసేది ఏమిటి? దాదాపు ఒకటే బంతి. సింకర్. ఎడమచేత్తో, గంటకు 155 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. మోకాళ్ళ ఎత్తున వస్తోందనుకుని బ్యాటర్ బ్యాటు తిప్పుతాడు. సరిగ్గా అప్పుడే బంతి కిందికి దిగిపోతుంది. బ్యాటు బంతి నడిమధ్యన తగలదు, నెత్తిన తగులుతుంది. తగిలిందంటే బంతి నేల మీద పాకుతూ పోవాల్సిందే, గాల్లోకి లేవడం కష్టం. ఆ ఏడాది అతని బంతిని బ్యాటర్లు కొట్టి ఆటలో పెట్టిన ప్రతి పది సార్లలో ఎనిమిది సార్లు నేల మీదే పోయింది. ఆ బంతి అందుకునేవాళ్ళు ఎవరు? రెండు, మూడు బేస్‌ల మధ్య కాపు కాసే షార్ట్‌స్టాప్‌లో జె.జె. హార్డీ, మూడో బేస్ దగ్గర మానీ మచాడో. ఇద్దరూ ఫీల్డింగ్‌కి గోల్డ్ గ్లోవ్‌లు తీసుకున్నవాళ్ళు.

ఇప్పుడు పదకొండో ఇన్నింగ్స్ దగ్గరికి రండి. ఒకటో బేస్ మీద ఒకడు, మూడో బేస్ మీద ఒకడు. ఒక ఔట్. ఆ స్థితిలో మనకేం కావాలి? మామూలు క్యాచ్ ఔట్ పనికిరాదు. దూరంగా గాల్లోకి లేపి ఔటైనా, క్యాచ్ పట్టగానే మూడో బేస్ వాడు ఇంటికి పరిగెత్తుతాడు, ఆట అయిపోతుంది. స్ట్రైక్ ఔట్ కావాలి, లేదా నేల మీద పాకే బంతి కావాలి. నేల మీద పాకే బంతి షార్ట్‌స్టాప్ చేతికి దొరికితే డబుల్ ప్లే, ఇద్దరు ఔట్, ఇన్నింగ్స్ ముగింపు, పన్నెండో ఇన్నింగ్స్. మరి భూమ్మీద ఆ రోజున నేల మీద పాకే బంతి కొట్టించడంలో అందరికంటే గట్టివాడు ఎక్కడున్నాడు? బుల్‌పెన్‌లో ఉన్నాడు. ఎన్‌కర్నాసియోన్ నడిచి వస్తున్నప్పుడు కూడా, అప్పటికీ, పిలవడానికి సమయం ఉంది. పిలవలేదు.

ఇక్కడ ఆగుదాం. షోవాల్టర్ వైపు నుంచి కూడా చూడాలి. ఆయన తెలివితక్కువ మనిషి కాదు. 1994లో యాంకీస్‌తో, 2004లో టెక్సస్‌తో, 2014లో మన ఓరియోల్స్‌తో ఆ ఏటి ఉత్తమ మేనేజర్ అవార్డు తీసుకున్నాడు. ఏళ్ళ తరబడి అడుగున పడి ఉన్న బాల్టిమోర్‌ను లేపి నిలబెట్టిన మనిషి. ఆయన ఏమీ ఆలోచించకుండా చేశాడని నేనెప్పుడూ అనను. ఆయన లెక్క ఏమిటో వినండి.

మనం ఆడుతున్నది వాళ్ళ ఊళ్ళో. అంటే ప్రతి ఇన్నింగ్స్‌లో ముందు మనం బ్యాటింగ్, తర్వాత వాళ్ళు. స్కోరు సమంగా ఉంది. బ్రిటన్‌ను ఇప్పుడు వాడేస్తే, తర్వాత ఎప్పుడో మనం ఒక రన్ కొట్టి ముందుకెళ్తే, ఆ ఆధిక్యాన్ని కాపాడేది ఎవరు? వాళ్ళకి ఇంకో సగం ఇన్నింగ్స్ బ్యాటింగ్ ఉంటుంది కదా. కాబట్టి వేరే ఊళ్ళో స్కోరు సమంగా ఉంటే క్లోజర్‌ను దాచాలి. ఇది ఆయన ఒక్కడి ఆలోచన కాదు. దశాబ్దాలుగా దాదాపు అందరు మేనేజర్లూ పాటించిన పద్ధతి. వినడానికి సబబుగానే ఉంది, అవునా కాదా?

సబబుగా ఉంది. కానీ నిలబడదు. ఎందుకో చెబుతాను, ఇది ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్న అసలు మాట, కాస్త శ్రద్ధగా వినండి.

స్కోరు సమంగా ఉన్నప్పుడు, తొమ్మిదో ఇన్నింగ్స్ తర్వాత, వాళ్ళ ఊళ్ళో వాళ్ళు ఒక్క రన్ కొడితే ఆట అక్కడికక్కడే ముగిసిపోతుంది. పిచర్‌కు తప్పు చేయడానికి చోటు ఎంత? సున్నా. అదే మనం ఒక రన్ ముందున్నామనుకోండి, పిచర్ ఒక రన్ ఇచ్చినా ఆట సాగుతుంది. రెండు రన్నులు ముందుంటే ఒకటి ఇచ్చినా గెలుస్తాం. మూడు ముందుంటే రెండిచ్చినా గెలుస్తాం. మరి మీరే చెప్పండి, తప్పు చేయడానికి ఏమాత్రం చోటు లేని చోట అందరికంటే మంచివాణ్ణి పెట్టాలా, చోటున్న చోట పెట్టాలా? సమంగా ఉన్న ఇన్నింగ్సే ఎక్కువ ప్రమాదం. అక్కడ పోతే, ఆయన దాచిపెట్టిన ఆ ఆధిక్యం ఎప్పటికీ రాదు. బ్రిటన్‌ను ఏ ఇన్నింగ్స్ కోసం దాచారో ఆ ఇన్నింగ్స్ ఆ రాత్రి రాలేదు.

క్రికెట్‌తో ఒక్క పోలిక చెప్పి వదిలేస్తాను. టీ20 సమమైతే సూపర్ ఓవర్. అదీ సమమైతే ఇంకో సూపర్ ఓవర్. 2024 జనవరిలో బెంగళూరులో అఫ్గానిస్తాన్‌తో మనం రెండు సూపర్ ఓవర్లు ఆడాం, గుర్తుందా? ఒక సూపర్ ఓవర్ వేసిన బౌలర్ తర్వాతి దాంట్లో వేయకూడదు. అచ్చం బేస్‌బాల్ నియమం లాగే. ఇప్పుడు ప్రపంచకప్ ఫైనల్లో సూపర్ ఓవర్ వచ్చింది, బుమ్రా ఫిట్‌గా ఉన్నాడు. కెప్టెన్ ఏమన్నాడు? రెండో సూపర్ ఓవర్ రావొచ్చు కదా, బుమ్రాను దానికి దాచుదాం అన్నాడు. ఊరుకుంటారా మీరు? హైదరాబాద్ నుంచి విశాఖపట్నం దాకా ఒక్క ఇంట్లో నిద్రపోతారా?

నవ్వుతున్నారు గానీ, జరిగింది సరిగ్గా అదే.

ఇంకో సంగతి. బ్రిటన్‌కి ఆ రాత్రి గాయం లేదు. అతను సిద్ధంగా ఉన్నాడని ఆట అయ్యాక తేలిపోయింది. అలిసిపోయాడేమో అంటారా, ఒక్క ఇన్నింగ్సే వేయగలడేమో అంటారా? అతను అంతకుముందు ఏళ్ళలో స్టార్టర్‌గా వేసినవాడే. 2014లో క్లోజర్ అయ్యాడు. సీజన్ ముగిసిపోయే రాత్రి రెండు ఇన్నింగ్స్ వేయమంటే కాదనే మనిషి కాదు.

అయితే న్యాయంగా ఇంకొకటి చెప్పాలి. ఏ క్షణంలో తప్పు జరిగింది? ఎనిమిదో ఇన్నింగ్స్‌లోనా? కాదు, అక్కడ బ్రాక్ సరైనవాడే. తొమ్మిదో ఇన్నింగ్స్‌లోనా? అక్కడ చూడండి. డొనాల్డ్‌సన్ మొదటే డబుల్ కొట్టాడు. ఎన్‌కర్నాసియోన్‌ను కావాలనే నడిపించి ఒకటో బేస్‌కు పంపారు. బ్రాక్ బతిస్తాను స్ట్రైక్ ఔట్ చేశాడు. అప్పుడు ఓడే వచ్చి రసెల్ మార్టిన్‌తో డబుల్ ప్లే కొట్టించాడు. అద్భుతం. నిజంగా అద్భుతం. ఓడే పదో ఇన్నింగ్స్ కూడా ఆపాడు. కాబట్టి పది ఇన్నింగ్స్ దాకా షోవాల్టర్ పిలిచిన ప్రతివాడూ పని పూర్తి చేశాడు. అందుకే ఆయన్ను అర్థం చేసుకోగలను. ఒక పద్ధతి ఐదు సార్లు పనిచేస్తే ఆరోసారి దాన్ని వదలడం కష్టం.

కానీ పదకొండో ఇన్నింగ్స్ మొదట్లో బుల్‌పెన్‌లో మిగిలిందెవరు? ఓడే అయిపోయాడు, బ్రాక్ అయిపోయాడు, గివెన్స్ అయిపోయాడు. నమ్మకమైనవాళ్ళందరూ అయిపోయారు. వరుసలో ట్రావిస్, డొనాల్డ్‌సన్, ఎన్‌కర్నాసియోన్ రాబోతున్నారు. అంటే వాళ్ళ బ్యాటింగ్‌లో అందరికంటే ప్రమాదకరమైన చోటు. ఇది ముందే తెలుసు, బ్యాటింగ్ వరుస కాగితం మీద ఉంటుంది. డ్యూన్సింగ్‌ను ఎడమచేతి కరేరా కోసం వాడి, ఆ తర్వాతి ముగ్గురి కోసం హిమెనెజ్‌ను ముందే అనుకున్నారు. నా అభ్యంతరం సరిగ్గా అక్కడ. ఫలితం చూసి అనడం లేదు. ఎన్‌కర్నాసియోన్ ఆ బంతికి ఔటై ఉన్నా ఇదే మాట అనేవాణ్ణి. ఆ ఒక్క ఔట్ అయ్యాక, ట్రావిస్ బ్యాటింగ్‌కి రాకముందు, బంతి బ్రిటన్‌కి ఇవ్వాలి.

మరి ఇంత స్పష్టంగా ఉంటే ఇంత అనుభవజ్ఞుడు ఎందుకు చేయలేదు? నా ఉద్దేశంలో దీనికి ఒక పాత లెక్క కారణం. దాని పేరు సేవ్. చికాగోలో జెరోమ్ హోల్ట్జ్‌మన్ అనే క్రీడా విలేకరి 1960 ప్రాంతంలో దాన్ని తయారుచేశాడు. రిలీవర్ల కష్టానికి గుర్తింపు దక్కడం లేదని, మంచి ఉద్దేశంతోనే చేశాడు. 1969లో మేజర్ లీగ్ దాన్ని అధికారిక లెక్కగా తీసుకుంది. సులువుగా చెబితే, మూడు లేదా అంతకంటే తక్కువ రన్నుల ఆధిక్యంతో వచ్చి, ఒక ఇన్నింగ్స్ వేసి, ఆట గెలిపిస్తే సేవ్. మరి స్కోరు సమంగా ఉన్నప్పుడు వస్తే? సేవ్ లేదు. ఎంత గొప్పగా వేసినా లేదు.

అంతకుముందు గూస్ గాసేజ్ లాంటివాళ్ళు రెండు మూడు ఇన్నింగ్స్ వేసేవాళ్ళు, మంట ఎక్కడుంటే అక్కడికి వచ్చేవాళ్ళు. 1980ల చివర ఓక్లాండ్‌లో టోనీ లా రూసా డెన్నిస్ ఎకర్స్‌లీని తొమ్మిదో ఇన్నింగ్స్‌కే కేటాయించాడు, అది బ్రహ్మాండంగా పనిచేసింది. ఇంక అందరూ అదే దారి. క్లోజర్ల జీతాలు సేవ్‌లతో ముడిపడ్డాయి, పేరు సేవ్‌లతో ముడిపడింది. లెక్క ఆటను కొలవడానికి పుట్టింది, చివరికి ఆటే లెక్క చెప్పినట్టు నడవడం మొదలుపెట్టింది. 162 ఆటల సీజన్‌లో దీనివల్ల పెద్ద నష్టం లేదండీ. పిచర్లకు తమ పని ఎప్పుడో తెలుస్తుంది, చేతులు అరిగిపోకుండా ఉంటాయి. కానీ రేపు లేని రాత్రి కూడా అదే పద్ధతా?

షోవాల్టర్ మొదటివాడు కాదు. 2003 వరల్డ్ సిరీస్, అంటే ఆ ఏటి విజేతను తేల్చే ఫైనల్ సిరీస్, నాలుగో ఆట, మయామీ. యాంకీస్ మేనేజర్ జో టోరీ. ఆయన చేతిలో మరియానో రివెరా ఉన్నాడు. చరిత్రలో అంతటి క్లోజర్ లేడు. స్కోరు 3-3, అదనపు ఇన్నింగ్స్. రివెరాను దాచి జెఫ్ వీవర్‌ను పంపాడు. పన్నెండో ఇన్నింగ్స్‌లో అలెక్స్ గొంజాలెజ్ హోమ్ రన్, ఆట పోయింది. సిరీస్ 2-2 అయింది, చివరికి ఆరు ఆటల్లో సిరీస్ కూడా పోయింది. 2014లో సెయింట్ లూయిస్ మేనేజర్ మైక్ మాథెనీ. శాన్ ఫ్రాన్సిస్కోలో 3-3, తొమ్మిదో ఇన్నింగ్స్. క్లోజర్ ట్రెవర్ రోసెంథల్‌ను కూర్చోబెట్టి, చాలా రోజులుగా ఆటలో బంతి వేయని మైకల్ వాకాను పంపాడు. ట్రావిస్ ఇషికావా మూడు రన్నుల హోమ్ రన్ కొట్టాడు. శాన్ ఫ్రాన్సిస్కో జట్టు జెయింట్స్ వరల్డ్ సిరీస్‌కు వెళ్ళారు. మూడు ఆటలు, ముగ్గురు పేరున్న మేనేజర్లు, మూడూ వేరే ఊళ్ళో సమంగా ఉన్న ఆటలే. మూడింట్లోనూ మంచివాడు బెంచీ మీదే ఉండిపోయాడు.

ఇప్పుడు ఇంకోవైపు చూడండి. టొరంటో ఆట అయిన రెండు రోజులకే, అక్టోబర్ 6న, క్లీవ్‌లాండ్ మేనేజర్ టెరీ ఫ్రాంకోనా తన గొప్ప రిలీవర్ ఆండ్రూ మిల్లర్‌ను ఐదో ఇన్నింగ్స్‌లో పిలిచాడు. ఐదో ఇన్నింగ్స్‌లో! ఆట అక్కడ మలుపు తిరుగుతోంది కాబట్టి. బోస్టన్ మీద గెలిచారు. తర్వాతి సిరీస్‌కు ఉత్తమ ఆటగాడు మిల్లరే. అక్టోబర్ 13న లాస్ ఏంజెలెస్ మేనేజర్ డేవ్ రాబర్ట్స్ వాషింగ్టన్‌లో, మనకి దగ్గర్లోనే, క్లోజర్ కెన్లీ జాన్సెన్‌ను ఏడో ఇన్నింగ్స్‌లో పంపాడు. జాన్సెన్ 51 బంతులు వేశాడు. చివరి రెండు ఔట్‌ల కోసం స్టార్టర్ క్లేటన్ కెర్షా వచ్చాడు, రెండు రోజుల కిందటే స్టార్టర్‌గా ఒక ఆట వేసినవాడు. 4-3, గెలుపు. అదీ రేపు లేని రాత్రి ఆడే తీరు.

అయితే దీనికీ హద్దుంది. అదే ఏడాది వరల్డ్ సిరీస్‌లో చికాగో మేనేజర్ జో మాడన్ తన క్లోజర్ అరోల్డిస్ చాప్‌మన్‌ను ఐదో ఆటలో 42 బంతులు వేయించాడు. ఆరో ఆటలో ఐదు రన్నుల ఆధిక్యం ఉన్నా మళ్ళీ పిలిచాడు. ఏడో ఆటకి చాప్‌మన్ బంతిలో పదును పోయింది, రజాయ్ డేవిస్ హోమ్ రన్ కొట్టి 6-6 చేశాడు. చికాగో పదో ఇన్నింగ్స్‌లో 8-7తో గెలిచింది కాబట్టి ఎక్కువమంది అడగలేదు. కానీ నేను అడుగుతాను. గెలిచిన మేనేజర్‌ని కూడా అడగాలి. అడగకపోతే మనం నిర్ణయం గురించి మాట్లాడడం లేదు, స్కోరు గురించే మాట్లాడుతున్నాం.

అవునండీ, మీ ప్రశ్న వినబడింది. అందరికీ వినబడలేదేమో, మళ్ళీ చెబుతాను. బ్రిటన్ వచ్చినా ఓడిపోయేవాళ్ళేమో కదా, మనవాళ్ళు రన్నులు కొట్టందే ఎలా గెలుస్తారు అని అడుగుతున్నారు. నిజమే. నాలుగో ఇన్నింగ్స్ తర్వాత మనవాళ్ళు ఒక్క రన్ చేయలేదు. బ్రిటన్ వచ్చి ఆపినా పన్నెండో ఇన్నింగ్స్‌లో పోయేదేమో. పోనివ్వండి. మేనేజర్ గెలుపును హామీ ఇవ్వలేడు, బ్యాటు ఆయన చేతిలో లేదు. ఎవరు బంతి వేస్తారన్నది ఒక్కటే ఆయన చేతిలో ఉంది. ఆ ఒక్కటీ మన బలానికి తగ్గట్టు చేశాడా అన్నదే నేను అడిగేది.

ఇంకో మాట హిమెనెజ్ గురించి. ఆ ఓటమికి అతన్ని తిట్టినవాళ్ళు చాలామంది. నాకది బాధ. అతనేమీ తనంతట తాను వచ్చి నిలబడలేదు. రమ్మన్నారు, వచ్చాడు, శక్తికొద్దీ వేశాడు. అక్కడ నిలబెట్టడం ఇంకొకరి పని.

షోవాల్టర్‌ను ఆ తర్వాత రెండేళ్ళకు, 115 ఓటముల సీజన్ ముగిశాక, ఓరియోల్స్ వదులుకున్నారు. అదే ఏడాది మధ్యలో బ్రిటన్‌ను యాంకీస్‌కు ఇచ్చేశారు. మనవాళ్ళు మళ్ళీ ప్లేఆఫ్స్ చూసింది 2023లోనే. షోవాల్టర్ 2022లో న్యూయార్క్ మెట్స్ మేనేజర్‌గా వచ్చాడు. ఆ ఏడాది శాన్ డియెగోతో వైల్డ్ కార్డ్ సిరీస్. మొదటి ఆట పోయింది, రెండోది పోతే ఇంటికే. ఆరు ఇన్నింగ్స్ అయ్యేసరికి 3-2 ముందున్నారు. అతని క్లోజర్ ఎడ్విన్ డియాజ్, ఆ ఏడాది బేస్‌బాల్‌లో అందరూ భయపడ్డ పిచర్. తొమ్మిదో ఇన్నింగ్స్‌కి దాచాడా? లేదు. ఏడో ఇన్నింగ్స్‌లో పిలిచాడు. ఎనిమిదో ఇన్నింగ్స్‌కి కూడా పంపాడు. 7-3తో గెలిచారు.

మర్నాడు మూడో ఆటలో 6-0తో ఓడి మెట్స్ ఇంటికెళ్ళారు, అది వేరే సంగతి. టొరంటో రాత్రి ఆయన మనసులో ఉందో లేదో చెప్పడానికి నేనెవర్ని? కానీ ఆ ఏడో ఇన్నింగ్స్ చూస్తూ నేను ఆరేళ్ళ కిందటి పదకొండో ఇన్నింగ్స్ గురించే ఆలోచించాను. ఈ పని ఆ రాత్రి మాకు చేసి ఉంటే బాగుండేది కదా అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటున్నాను.

ఇంకా ప్రశ్నలున్నాయంటే అడగండి. ముందు పిల్లల్ని అడగనిద్దాం, వాళ్ళు చాలాసేపటి నుంచి చేతులెత్తి ఉన్నారు.